ఎర్రని పైరు – సికింద్రాబాదులో ఒక విద్య కథ

ఉపగ్రహ చిత్రాన్ని తొలిసారి చూసినవారు తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉంది: పచ్చని పైరు ఎర్రగా ఉన్నదేమిటి? రిమోట్ సెన్సింగుకు ఓనమాలు ఆ ప్రశ్నతోనే మొదలవుతాయి. మన దేశంలో ఆ విద్యకు నెలవైన ఊరు సికింద్రాబాదు అన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

1970 ప్రాంతంలో పిషారోత్ రామ పిషారోటి బృందం కేరళలో హెలికాప్టరు నుండి పరారుణ ఫిల్ముతో కొబ్బరితోటలను చిత్రించి, తెగులు సోకిన చెట్లను గుర్తించే ప్రయోగం చేసింది. 1972 జూలైలో అమెరికా మొదటి లాండ్‌శాట్‌ను ప్రయోగించింది. 1974 సెప్టెంబరులో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కింద జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ సికింద్రాబాదులో ఏర్పడింది. 1966లో డెహ్రాడూనులో నెదర్లాండ్స్ సహకారంతో మొదలైన ఛాయాచిత్ర వ్యాఖ్యాన శిక్షణ సంస్థ తరువాత ఇందులో భాగమైంది. 1979లో షాద్‌నగర్ భూకేంద్రం వచ్చాక లాండ్‌శాట్ సంకేతాలను ఇక్కడే అందుకోవడం సాధ్యమైంది.

ఇక ఎరుపు సంగతి. ఆకులోని పత్రహరితం ఎర్రకాంతిని పీల్చుకుంటుంది. ఆకు లోపలి నిర్మాణం మాత్రం సమీప పరారుణ కాంతిని బలంగా వెనక్కు పంపుతుంది. ఆ కాంతి మన కంటికి కనబడదు కనుక చిత్రంలో దానికి ఎరుపు రంగు ఇస్తారు. నీరు దానిని మింగివేస్తుంది. అందుకే హుస్సేన్ సాగర్ నల్లగా కనబడుతుంది. దాని మీద గుర్రపుడెక్క పరచుకొన్నచోట మళ్ళీ ఎరుపే.

చిక్కంతా ఇక్కడే. ఎర్రగా ఉన్నదల్లా పైరు కాదు. లాండ్‌శాట్ తొలి చిత్రాలలో ఒక్కొక్క చుక్క నేల మీద దాదాపు 80 మీటర్లకు సమానం. అంటే ఒక చిన్న కుంట కొద్ది చుక్కలలో ఇమిడిపోతుంది. వేసవిలో నీరెండి, శిఖం భూమిలో గడ్డి మొలిస్తే అది పొలంలాగానే ఉంటుంది. అప్పుడు రంగును నమ్మరాదు. ఆకారం, పరిమాణం, నీడ, అల్లిక, అమరిక, ఇరుగుపొరుగు – వీటిని కలిపి చదవాలి. వాగుకు అడ్డంగా వంపు తిరిగిన సన్నని గీత కట్ట కావచ్చు. దాని దిగువన పొలాలు వరుసగా ఉంటే అవి ఆయకట్టు కావచ్చు. అంతటితో తీర్పు చెప్పరాదు. పటం పట్టుకొని ఆ ఊరు వెళ్ళి, కట్ట మీద నిలబడి చూడాలి. క్షేత్ర పరిశీలన లేని వ్యాఖ్యానం ఊహ మాత్రమే.

ఇది పరీక్షలో మార్కులకు సంబంధించిన విషయం కాదు. కుంటను పొలమని రాస్తే పటంలో కుంట ఉండదు. పటంలో లేని కుంటను పూడ్చి ఇళ్ళు కడుతుంటే, అడ్డుచెప్పేవాని చేతిలో ఏ ఆధారమూ మిగలదు.

1988 మార్చి 17న మన తొలి ఐ.ఆర్.ఎస్. ఉపగ్రహం నింగికెగసింది, దాని మేలైన కెమెరా చుక్క సుమారు 36 మీటర్లు. 2008లో ఏజెన్సీ ఇస్రోలో ఒక కేంద్రంగా మారింది. 2009లో భువన్ వచ్చి ఈ చిత్రాలను సామాన్యుల ముందుంచింది. ఇప్పుడు మీ ఊరి చెరువును మీరే చూడవచ్చు. వేసవి చిత్రాన్నొకటి, వానకాలపు చిత్రాన్నొకటి పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తరువాత ఒకసారి కట్ట దాకా నడిచి రండి.