రేడియోలు లేని ఊళ్లో రేడియో స్టేషన్

1949 ఏప్రిల్ 15న కాలిఫోర్నియాలోని బర్క్‌లీ ఊళ్లో కేపీఎఫ్‌ఏ అనే ఎఫ్‌ఎం స్టేషన్ మొదలైంది. అప్పటికి ఎఫ్‌ఎం పట్టే రేడియోలు ఉన్న ఇళ్లే అక్కడ బహు తక్కువ. దాంతో చందాదార్లకు రేడియోలు కూడా స్టేషన్ వాళ్లే సమకూర్చాల్సి వచ్చింది. ఇది చదవగానే మన సోమలింగం సామెత గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

ఈ సోమలింగానికి పేరు పెట్టినవాడు లూయిస్ హిల్. రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టనని మొండికేసిన శాంతివాది. వాషింగ్టన్‌లో ఒక స్టేషన్‌లో వార్తలు చదివి, విసుగెత్తి మానేశాడు. తాను నమ్మని సరుకును నమ్మినట్టు గొంతు పెట్టి పొగడాల్సి రావడం అనౌన్సరు బతుకులో పెద్ద అవమానమని అతని బాధ. మరి ప్రకటనలు వద్దంటే జీతాలెక్కడివి? వినేవాళ్లలో నూటికి ఇద్దరు ఏడాదికి పది డాలర్ల చొప్పున కడితే చాలని లెక్క వేశాడు. మిగతా తొంభై ఎనిమిది మందీ ఊరికే వినొచ్చు, ఎవరూ నిలదీయరు. గుళ్లో ప్రసాదం లెక్క కూడా ఇంతే కదా!

లెక్క కాగితం మీద కుదిరింది కానీ గల్లాపెట్టెలో కుదరలేదు. 1950 ఆగస్టులో డబ్బు లేక స్టేషన్ మూతపడింది. అసలు కథ ఇక్కడే ఉంది. వినేవాళ్లే పూనుకుని చందాలు పోగుచేశారు. మరుసటి ఏడాది మే నెలలో స్టేషన్ మళ్లీ పలికింది. సరిగ్గా తొమ్మిది నెలలకు! కేపీఎఫ్‌ఏ అసలు పుట్టినరోజు ఇదేనంటాను నేను.

చందాదార్లకు ‘ఫోలియో’ అనే కార్యక్రమాల పట్టిక పోస్టులో వచ్చేది, మనకు ఆకాశవాణి వారి ‘వాణి’ పత్రిక లాగా. రేపు రాత్రి వచ్చే నాటకం కింద ఇవాళే పెన్సిల్ గీత పెట్టుకుని కాచుకోవడంలోని రుచి, ఎప్పుడంటే అప్పుడు దొరికే ఈ రోజుల్లో పోయింది. అన్నట్టు, రేడియోకి డబ్బు కట్టడం మనకూ కొత్తేం కాదు. మా తాతగారి ట్రంకుపెట్టెలో పోస్టాఫీసు ముద్రలు పడ్డ రేడియో లైసెన్సు పుస్తకం చాలాకాలం ఉండేది. కాకపోతే అది సర్కారుకు కట్టే రుసుం, కట్టకపోతే జరిమానా. స్టేషన్ నాది అన్న మాట అందులో ఎక్కడా లేదు.

హిల్ 1957లో పోయాడు. తర్వాత లాస్ ఏంజెలెస్, న్యూయార్క్, హ్యూస్టన్‌లలో తోబుట్టువులు పుట్టుకొచ్చాయి. హ్యూస్టన్ ట్రాన్స్‌మిటర్‌ను 1970లో తెల్లజాతి ఆధిపత్యవాద ముఠా కూ క్లక్స్ క్లాన్ వాళ్లు రెండుసార్లు పేల్చారు. 1999లో యాజమాన్యమే బర్క్‌లీ సిబ్బందిని బయట పెట్టి తాళం వేస్తే వేలమంది శ్రోతలు వీధుల్లోకి వచ్చారు. చందా కట్టినవాడు ఊరుకుంటాడా?

మన దగ్గర కథ తిరగబడింది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలకు 1998కల్లా స్టూడియో ఉంది, గొంతులున్నాయి, లైసెన్సే లేదు. విత్తనాల ముచ్చట్లు, పాటలు టేపుల్లో నింపి, సంఘం మీటింగుల్లో టేప్‌రికార్డర్ పెట్టి వినిపించుకున్నారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరుచుకున్నది 2006లో. తెరిచాక కూడా వార్తలు చెప్పకూడదని షరతు. ఊరి రేడియో ఊరి వార్త చెప్పకూడదట, ఇదేం విడ్డూరమో!

చివరికి ఆ మహిళల సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న గాలిలోకి వెళ్లింది. ఆ రోజు దాన్ని ప్రారంభించడానికి వచ్చింది, 1995 నాటి ఆ తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల్లో ఒకరైన పి.బి. సావంత్ గారే.