షికారీ అన్న మాటకు రెండర్థాలు

తెలుగులో వేట అన్న మాటకు పనులెక్కువ. పడవను కెరటాల్లోకి తోసుకుపోయే జాలరి తాను వేటకు పోతున్నానంటాడు. జాతరలో అమ్మవారికి బలిచ్చే పోతునూ వేట అనే అంటారు. కోస్తాలో హోటలు పలక మీద వేట మాంసం అని కనబడితే అది మేకదో గొర్రెదో తప్ప అడవి మృగానిది కాదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. షికారు కథ ఇంకా చిత్రమైనది. పారసీకంలో ఆ మాటకు అర్థం అచ్చంగా వేట. మన నోట పడి నలిగేసరికి అందులోని నెత్తురంతా ఇంకిపోయి, చల్లగాలికి అలా తిరిగి రావడం మాత్రం మిగిలింది. హైదరాబాదు పొలిమేరలోని హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాముల వేటభూమి. ఇప్పుడు జనం సెలవునాడు పిల్లలను వెంటబెట్టుకుని అక్కడికి షికారుకు వెళతారు. మాట మారింది కానీ, నేల అదే.

షికారీ అన్న మాట మాత్రం మన దగ్గర వేటను విడిచిపెట్టలేదు. 1886లో హెన్రీ యూల్, ఏ. సీ. బర్నెల్ కలిసి ఆంగ్లో ఇండియన్ మాటలకు 'హాబ్సన్ జాబ్సన్' అనే నిఘంటువును వెలువరించారు. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన పండితుడు. అందులో షికారీ అన్న చోట రెండర్థాలు కనబడతాయి. ఒకటి, తన కోసమో దొరవారికి దారి చూపడం కోసమో వేటాడే దేశీయ నిపుణుడు. రెండవది, ఆ దొరగారే. దారి చూపినవాడికీ, ఆ దారిని నడిచినవాడికీ ఒకే పేరు ఎలా వచ్చింది? ఈ టపా ఆ సంగతి గురించే.

మన పాత గ్రంథాలలో వేటకు కొత్తవాడు దాదాపు కనబడడు. రాజులకు అది చదువులో ఒక భాగం. మనుస్మృతి కామం వల్ల పుట్టే పది వ్యసనాలలో మృగయను మొట్టమొదట లెక్కించింది. కౌటిల్యుడు మాత్రం జూదంతో పోల్చి చూసి వేట వైపే మొగ్గాడు. వేట వల్ల వ్యాయామం కలుగుతుందనీ, కొవ్వు కరుగుతుందనీ, నిలకడగా ఉన్న లక్ష్యం మీదా కదిలే లక్ష్యం మీదా గురి కుదురుతుందనీ ఆయన వాదం. కల్యాణి చాళుక్యుడైన మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దంలో కూర్చిన 'మానసోల్లాసం'లో రాజవినోదాల నడుమ మృగయా వినోదానికి ప్రత్యేకమైన స్థానం ఉంది. ఇక బోయపల్లెలో పిల్లవాడికి నడక వచ్చిన కొన్నాళ్ళకే బొమ్మ విల్లు చేతికి వస్తుంది. ధూర్జటి తిన్నని కథ చెప్పినప్పుడు ఆ పల్లె బ్రతుకునే మన ముందు పెట్టాడు. రాజకుమారుడైనా బోయకుమారుడైనా నేర్చేది చిన్ననాడే. చిన్ననాడు నేర్చినవారైనా పొరబడరని కాదు. శబ్దాన్ని బట్టి బాణం వేసే విద్య తెలిసిన దశరథుడు చీకట్లో కడవ మునిగిన చప్పుడును ఏనుగు చప్పుడనుకుని ముని కుమారుణ్ణి కొట్టాడు. లక్ష్యాన్ని కళ్ళతో పోల్చుకోకుండా తుపాకీ పేల్చకూడదన్నది నేటికీ అనేక దేశాలలో కొత్త వేటగాళ్ళకు నేర్పే తొలి పాఠాలలో ఒకటి. అయోధ్యలో ఆ పాఠం చాలా ఖరీదుకు దొరికింది.

పెరిగి పెద్దవాడైన తరువాత, విల్లూ తుపాకీ ఎరుగని ఇంటి నుండి వచ్చి, కొత్తగా వేట మొదలుపెట్టే మనిషి మన దేశానికి గుంపులు గుంపులుగా వచ్చింది ఈస్టిండియా కంపెనీ కాలంలోనే. దీనికి కారణం ఇంగ్లండు చట్టాలలో ఉంది. 1671 నాటి గేమ్ చట్టం ప్రకారం ఏడాదికి నూరు పౌండ్ల ఆదాయమిచ్చే సొంత భూమి గానీ, నూటయాభై పౌండ్ల దీర్ఘకాలపు కౌలు భూమి గానీ, గొప్పింటి వారసత్వం గానీ లేనివాడు కుందేలును, కౌజును వేటాడటం నేరం. ఊరి పాదిరీ రెండవ కొడుకుకో, చిన్న వర్తకుడి కొడుకుకో తన పొలం గట్టు మీద ఎగిరే పిట్టను కొట్టే హక్కు లేదు. 1831లో ఆ చట్టం రద్దయి, రుసుము కట్టిన వారెవరైనా లైసెన్సు పొందవచ్చునన్న పద్ధతి వచ్చింది. అంటే నూటఅరవై యేళ్ళ పాటు వేట అన్నది అక్కడ పెద్ద భూస్వాముల సొత్తు. అటువంటి ఇంటి కుర్రవాడు కలకత్తాలోనో మద్రాసులోనో ఓడ దిగేసరికి అడిగేవాడు లేని అడవి ఎదురుగా కనబడింది. దొరతనం అంటే ఏమిటో వాడికి జీతం కన్నా ముందు తుపాకీయే చెప్పి ఉంటుంది.

ఇలా కొత్తగా దిగినవాణ్ణి పాతవాళ్ళు గ్రిఫిన్ అని ఎగతాళి చేసేవారు. మొదటి ఏడాది గడిచేదాకా ఆ పేరు పోదు. గ్రిఫిన్‌కు ఎండ తెలియదు, భాష తెలియదు, గుర్రాన్ని అమ్మేవాడి మోసం తెలియదు. వేట సంగతి చెప్పనే అక్కరలేదు. సాధారణంగా వరిమళ్ళలో మోకాటి లోతు బురదలో దిగి ఉల్లంకి పిట్టలను కొట్టడంతో మొదలయ్యేది. ఉత్తరాదిన అయితే గుర్రమెక్కి బల్లెంతో అడవిపందిని తరిమేవారు. ఈ క్రీడకు మీరట్‌లో కాదిర్ కప్పు అని ఒక పెద్ద పోటీయే ఉండేది. తరువాతి కాలంలో స్కౌట్ ఉద్యమం స్థాపించిన బేడెన్ పావెల్ దానిని 1883లో గెలుచుకున్నాడు.

పుస్తకాలూ బయలుదేరాయి. బెంగాలులో చాలాకాలం సైన్యంలో ఉన్న కెప్టెన్ థామస్ విలియమ్సన్ 1807లో 'ఓరియంటల్ ఫీల్డ్ స్పోర్ట్స్' అనే బృహద్గ్రంథాన్ని ప్రచురించాడు. నలభై రంగుల చిత్రాలతో, పెద్ద పుటలతో వచ్చిన ఆ గ్రంథం అడవిలోకి మోసుకుపోయేది కాదు, మేడలో బల్ల మీద పరచుకుని చూసేది. తరువాత నూరేళ్ళలో అడవిలోకి పట్టుకుపోదగిన పుస్తకాలు లెక్కకు మించి వచ్చాయి. ఏ తూటా ఏ మృగానికి, గుడారానికి ఎన్ని ఎడ్లు, గాయపడిన పులి వెంట ఎలా పోవాలి వంటి సలహాలన్నీ వాటిలో ఉంటాయి.

అయితే పుస్తకం చెప్పలేనిది చాలా మిగిలిపోతుంది. దుమ్ములో పడిన అడుగుజాడ మీద మంచుబొట్ల గుర్తులుంటే మృగం మంచు కురవక ముందే పోయిందని అర్థం. అడుగు అంచులు ఇంకా పదునుగా ఉంటే పోయి ఎంతోసేపు కాలేదు. కొండముచ్చు చెట్టు మీద నుండి దగ్గినట్టుగా అరిచినప్పుడు ఏ వైపు చూసి అరుస్తున్నదో గమనించాలి. దుప్పి అరుపుకు ఒక్కొక్కప్పుడు కంగారే కారణం. కణుజు ఆగి ఆగి అరిస్తే మాత్రం పెద్ద మృగమేదో నడుస్తున్నదన్న మాట. గాలి ఎటు వీస్తున్నదో చిటికెడు బూడిద రాల్చి చూసుకోవాలి. ఈ అక్షరాలన్నీ అడవిలో పుట్టినవాడికి ఉగ్గుపాలతో వచ్చినవి. పాతికేళ్ళ దొరకు అవి రావాలంటే అతని వెనక నడవడం తప్ప మార్గం లేదు. పేర్లు కూడా అలాగే అరువు తెచ్చుకున్నవి. పులి కోసం చెట్టు మీద కట్టుకునే పీటను ఇంగ్లీషు పుస్తకాలు మచాన్ అంటాయి. అది మన జొన్నచేను కావలి మంచెకు స్వయానా చుట్టం.

ఇటువంటి శిష్యులలో నాకు ఆసక్తి కలిగించేవాడు జార్జ్ సాండర్సన్. 1864లో భారతదేశానికి వచ్చాడు. మైసూరు రాజ్యంలో కాలువల పర్యవేక్షణ అతని ఉద్యోగం. కాలువ గట్ల వెంట తిరుగుతూ చామరాజనగర, బిళిగిరిరంగని కొండల ప్రాంతపు అడవులకు అలవాటుపడ్డాడు. సోలిగలు, కాడు కురుబలు అతని గురువులు. ఆనాటి దొరలలో చాలామందికి లేని గుణం ఒకటి ఇతనికుంది. తనకు తెలిసినది ఎవరి ద్వారా తెలిసిందో వ్రాసి పెట్టాడు. 1873లో ఏనుగుల మందలను ఆవరణలోకి తోలి పట్టుకునే ఖెడ్డా పద్ధతికి మైసూరు ప్రభుత్వం అంగీకరించింది. సాండర్సన్‌కు అంతకుముందు ఆ పనిలో అనుభవం లేదు. ఆ ప్రాంతంలో ఇంకొక చిక్కు కూడా ఉంది. అంతకు సుమారు వంద యేళ్ళ క్రితం హైదరలీ కాకనకోట అడవిలో ఇదే ప్రయత్నం చేసి విఫలుడై, ఇకపై ఎవరూ దీనిని సాధించలేరనీ, ప్రయత్నించినవారికి శాపం తగులుతుందనీ రాతి మీద చెక్కించాడని సాండర్సనే వ్రాశాడు. 1874లో చామరాజనగర వద్ద సాండర్సన్ మనుషులు ఒక్క తోలులో యాభైకి పైగా ఏనుగులను పట్టుకున్నారు. మంద ఏ దారిన నీటికి దిగుతుందో, ఏ వాగు దాటుతుందో ముందుగా తెలిసినవారు లేకుండా ఆ పని సాగేది కాదు. ఆ తరువాత 1878లో 'భారతదేశపు అడవి మృగాల నడుమ పదమూడేళ్ళు' అన్న అర్థం వచ్చే పేరుతో అతని పుస్తకం లండన్‌లో వెలువడింది. కిప్లింగ్ ఏనుగుల కథలోని పీటర్సన్ సాహెబుకు ఇతడే మూలమని అంటారు.

సరిగ్గా ఆ సంవత్సరమే, 1878లో, భారత ఆయుధాల చట్టం వచ్చింది. తుపాకీకి లైసెన్సు తప్పనిసరి అయింది. ఐరోపావాసులకు మాత్రం మినహాయింపు. నిన్న ఓడ దిగిన గ్రిఫిన్ అనుమతి అడగకుండా రైఫిలు పట్టవచ్చు. అతనికి అడవి చూపించేవాడు ఆ రైఫిలును మోసే కూలీగా మాత్రమే దానిని తాకవచ్చు. మరుసటి ఏడు నీలగిరి వేటజంతువుల, చేపల సంరక్షణ చట్టం. 1882లో మద్రాసు అటవీ చట్టం. రిజర్వు అడవుల్లో ప్రభుత్వ నియమాలకు విరుద్ధంగా వేటాడినా, ఉచ్చు వేసినా, చేపలకు మడుగులో విషం కలిపినా నేరమే. కర్నూలు నల్లమల నుండి గోదావరి మన్యం దాకా ఆనాటి మద్రాసు రాజధానిలోని తెలుగు అడవులన్నీ ఈ చట్టం కిందివే.

చట్టం మొత్తం దుర్బుద్ధితో చేసినదని అనలేము. మృగాలు నిజంగానే తరిగిపోతున్నాయి. పల్లె షికారీలు సర్కారు బహుమతి కోసం పులులనూ చిరుతలనూ లెక్కలేకుండా చంపారు కూడా. 1875 నుండి 1925 వరకు యాభై యేళ్ళలో ఎనభై వేలకు పైగా పులులు హతమయ్యాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్క తేల్చారు. అందులో దొరల వాటా, రాజుల వాటా, బహుమతికి ఆశపడ్డ పేదవాడి వాటా అన్నీ ఉన్నాయి. నాకు పేచీ వచ్చేది క్రీడాధర్మం అని వారు పెట్టుకున్న మాట దగ్గర. వల వేయడం, ఉచ్చు పెట్టడం, నీటి దగ్గర కాచుకోవడం హీనమైన పద్ధతులట. దున్నదూడను చెట్టుకు కట్టి, పైన మంచె మీద పరుపు వేసుకుని కూర్చోవడం మాత్రం క్రీడయట. వరుసలుగా నడిచి తప్పెట్లు కొట్టి పులిని తోలుకొచ్చేవాళ్ళు వందమంది, మీట నొక్కేవాడు ఒక్కడు. ఆకలి కోసం వేటాడే పద్ధతులు ఒకవైపున, ఆట కోసం వేటాడే పద్ధతులు మరొకవైపున పెట్టి గీత గీశారు. ఆ గీత ఎవరి చేతిలోని బలపంతో పడిందో చెప్పనక్కరలేదు.

అలా గురువు దొంగవేటగాడయ్యాడు. విద్య మాత్రం ఆ దొంగ దగ్గరే ఉంది కనుక నేర్వవలసినవాడు అతని దగ్గరికే పోయాడు. జిమ్ కార్బెట్ పసివాడుగా ఉన్నప్పుడు కాలాఢుంగీలో అతనికి అడవి సంగతులు నేర్పిన కువర్ సింగ్ ఆ చుట్టుపక్కల పేరుపొందిన దొంగవేటగాడని కార్బెట్టే మెచ్చుకోలుగా చెప్పుకున్నాడు. మనకు మరింత దగ్గరివాడు కెన్నెత్ ఆండర్సన్. 1910లో బొల్లారంలో పుట్టాడు, బెంగుళూరులో స్థిరపడ్డాడు, 1974లో పోయాడు. 1954లో వచ్చిన అతని తొలి వేట పుస్తకంలో చిత్తూరు జిల్లా చామల లోయ పులి కథ ఉంది. నాగపట్ల, రంగంపేట, పులిబోను అన్న పేర్లు తిరుపతి వైపువారికి పుస్తకం తెరవగానే ఇంటి గుమ్మంలా కనబడతాయి. అదే పుస్తకంలో బైరా అనే పూజారి తెగ మనిషి మీద ఒక అధ్యాయం ఉంది. సేలం జిల్లాలో చిన్నార్ ఏటి ఒడ్డున నేలలో తవ్వుకున్న బొరియ అతని ఇల్లు. ఆండర్సన్ దానిని గవ్వీ అని వ్రాశాడు. కన్నడంలోనూ మన రాయలసీమలోనూ వినబడే గవి అన్న మాట అది. ప్రభుత్వం దృష్టిలో బైరా అడవి దొంగ. ఆండర్సన్ దృష్టిలో తనకు అడవి చదువు చెప్పినవాడు, ఆప్తమిత్రుడు. నరభక్షకుల పేర్లతో నిండిన ఆ పుస్తకంలో ఒక మనిషి పేరు మీద ఉన్న అధ్యాయం అదొక్కటే.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా విదేశీ అతిథులకు పులిని చూపిస్తామని షికారు కంపెనీలు కొంతకాలం వ్యాపారం చేశాయి. డబ్బు కట్టిన కొత్తవాడికి తుపాకీ పట్టడం వచ్చినా రాకపోయినా పని జరిగిపోయేది. 1970లో పులుల వేటను నిషేధించారు, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. షికారీ అన్న మాటలోని రెండవ అర్థం, అంటే దొర అర్థం, అంతటితో ముగిసింది.

మొదటి అర్థం ఏమైందో చూడాలంటే నల్లమలకు వెళ్ళాలి. హైమెన్‌డార్ఫ్ 1943లో చెంచులపై ప్రచురించిన గ్రంథంలో వారి తిండిలో ఎక్కువ భాగం గడ్డలూ పండ్లూ అనీ, వేట దానికి తోడు మాత్రమే అనీ కనబడుతుంది. ఆ విల్లుకు కూడా ఇప్పుడు చట్టంలో చోటు లేదు. 1983లో నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం ఏర్పడింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ వైపు భాగాన్ని అమ్రాబాద్ అంటున్నారు. ఈ రెండు చోట్లా బేస్ క్యాంపులలో కావలి కాసేవారిలో, పులి అడుగుజాడను వెతికేవారిలో, కెమెరా ఏ దారి పక్క కట్టాలో చెప్పేవారిలో చెంచు యువకులు చాలామంది ఉన్నారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన అధికారి తొలినాళ్ళలో వారి వెనకే నడవాలి. వారిలో పలువురిది తాత్కాలికపు కూలి.