బిషప్ గ్రువార్: అచ్చుయంత్రమును, బోర్డింగుబడియు

క్రైస్తవ మిషనరీల భాషాసేవను గూర్చి వ్రాయునపుడు మనవారు సాధారణముగా వారు కూర్చిన నిఘంటువులను, వ్యాకరణములను, అచ్చొత్తించిన గ్రంథములను లెక్కించి తృప్తినొందుచుందురు. ఆ లెక్క అసత్యము కాదు, కాని అసమగ్రము. కెనడా దేశపు ఉత్తరప్రాంతమున దీర్ఘకాలము పనిచేసిన కథోలిక బిషప్ ఎమిల్ గ్రువార్ జీవితము దీనికి చక్కని నిదర్శనమని మేము తలచుచున్నాము.

గ్రువార్ 1840లో ఫ్రాన్సు దేశమున బ్రూలోన్ అను గ్రామములో జన్మించెను. 1860లో కెనడాకు వచ్చి, 1862లో గురుపట్టము పొంది, అథబాస్కా సరస్సు తీరమందలి ఫోర్ట్ చిపెవ్యాన్‌కు పయనమయ్యెను. నేటి ఆల్బర్టా రాష్ట్రపు ఉత్తరభాగము మొదలుకొని మెకంజీ నదివెంట ఆర్కిటిక్ సముద్రమువరకు వ్యాపించిన ఆ ప్రాంతమున నాడు వేసవిలో పడవయు, శీతకాలమున కుక్కలు లాగు బండియు తప్ప వేరు ప్రయాణసాధనము లేదు.

1874లో కంఠస్వరము చెడుటచే ఆయన స్వదేశమునకు మరలెను. ఆ విరామమున ముద్రణవిద్యను, చిత్రలేఖనమును అభ్యసించి, 1876లో ఒక అచ్చుయంత్రముతో తిరిగివచ్చి దానిని లాక్ లా బిష్ మిషన్‌లో నెలకొల్పెను. క్రీ, చిపెవ్యాన్ మొదలగు భాషలలో ప్రార్థనపుస్తకములు, బైబిలు కథలు అచట అచ్చయ్యెను. ఆల్బర్టా ప్రాంతమున తొలుత అచ్చయిన పుస్తకము లివియే.

ఆ పుస్తకముల లిపి మనకు విశేషముగా ఆసక్తికరమైనది. దానిని 1840లో ప్రచారమునకు తెచ్చినవాడు జేమ్స్ ఇవాన్స్ అను ప్రొటెస్టెంటు బోధకుడు. అది తమ పూర్వికునికి లభించిన వరమని క్రీ జాతివారి ఐతిహ్యము. మన గుణింతమున హల్లునకు తలకట్టు, గుడి, కొమ్ము చేర్తుము. క్రీ లిపిలో అట్టి చిహ్నములు లేవు. హల్లు గుర్తునే నాలుగు దిక్కులకు త్రిప్పినచో నాలుగు అచ్చులు పలుకును. దీనిపై శీఘ్రలిపితోపాటు దేవనాగరి ప్రభావమును కూడ పరిశోధకులు గుర్తించియున్నారు. చిపెవ్యాన్ భాష క్రీ భాషకు సంబంధించినది కాదు. దాని ధ్వనులు అనేకములు. అందుచే కథోలిక గురువులు ఈ లిపికి క్రొత్త గుర్తులను చేర్చుకొనవలసివచ్చెను. ముఖ్యవిషయ మేమనగా, క్రీ ప్రజలలో ఈ లిపి బడుల అవసరము లేకయే, ఒకరినుండి ఒకరికి వ్యాపించెను.

1891లో గ్రువార్ బిషప్ అయ్యెను. 1899 జూన్ 21వ తేదీన లెస్సర్ స్లేవ్ సరస్సువద్ద కుదిరిన ఎనిమిదవ ఒడంబడికపై సాక్షిగా సంతకము చేసెను. ఇంచుమించు 8,40,000 చదరపు కిలోమీటర్ల భూమికి సంబంధించిన ఆ ఒడంబడిక వేళ, తమ వేటకును చేపలకును భంగము కలుగునని స్థానికులు భయపడిరి. గురువులపై వారికి గల నమ్మకము సంతకములకు తోడ్పడెను.

ఆయన పాలనలోనే ఆ సరస్సు తీరమందలి సెయింట్ బెర్నార్డ్ మిషన్‌లో 1894లో బోర్డింగుబడి వెలసెను. ఆ ఊరికి తరువాత గ్రువార్ పేరే వచ్చెను. ఇట్టి బడులు పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేసెను. పెక్కింట మాతృభాష పలికినందుకు శిక్షలుండెను. 1920లో చట్టము హాజరును నిర్బంధము చేసెను. దేశమంతట సుమారు 1,50,000 మంది పిల్లలు ఇట్టి బడులలో పెరిగిరి. సత్య సమాధాన సంఘము 2015లో ఈ వ్యవస్థను సాంస్కృతిక జాతిహననముగా నిర్ణయించెను. 2022 మార్చిలో గ్రువార్ మిషన్ ఆవరణమున, సమాధులు కావచ్చునని భావింపబడిన 169 స్థానములను రాడార్ పరిశీలన చూపెను. ఆ సంవత్సరమే జూలై 25న పోప్ ఫ్రాన్సిస్ ఆల్బర్టాలో క్షమాపణ కోరెను.

1931లో మరణించిన గ్రువార్ ఈ తీర్పులను వినలేదు. అచ్చుయంత్రమును బట్టి ఆయనను భాషోద్ధారకుడని కీర్తించుటయు, బడిని బట్టి ఆ యంత్రమును విస్మరించుటయు తొందరపాటే. ఈ రెండును పరస్పరవిరుద్ధములుగా తోచును. కాని రెంటికిని ప్రయోజన మొక్కటే, మతబోధ. పెద్దలను చేరుటకు వారి భాష మార్గమయ్యెను. పిల్లలు చేజిక్కిన పిమ్మట ఆ మార్గముతో పని లేకపోయెను. భాష గమ్యముగాక మార్గమాత్రమైనచోట భాషాసేవకు హామీ లేదని మా యభిప్రాయము.

క్రీ లిపి నేటికిని నిలిచియున్నది. దానిని నిలిపినవారు ఆ ప్రజలే. మిషనరీల గ్రంథముల పట్టికలను తయారుచేయు పరిశోధకులు, ఆ గ్రంథములను చదివినవారి బిడ్డలు ఏ భాషలో పెంపబడిరో కూడ విచారించుట యుక్తము.