అసెస్‌మెంట్: జడ్జి పక్క కుర్చీ నుంచి పొలం గట్టు దాకా

నరసరావుపేటలో ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, అసెస్‌మెంట్ నంబరు కనిపిస్తుంది. మాచర్ల బడిపిల్లలు రాసే ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షల్లోని ‘ఏ’ కూడా అసెస్‌మెంటే. ఆదాయపు పన్ను కట్టేవారు అసెసీలు. తుపాను వెలిస్తే అధికారులు పంట నష్టాన్ని అసెస్ చేస్తారు. తెలుగులో మదింపు అని మనం వాడుకునే ఈ పనికి పెద్ద చరిత్రే ఉంది.

అసెస్‌కు మూలమైన లాటిన్ మాటకు పక్కన కూర్చోవడమని అర్థం. న్యాయాధికారి పక్కన కూర్చుని సలహా చెప్పేవాడు అసెసర్. సెషన్స్ కోర్టులోని సెషన్ కూడా ఆ కూర్చోవడంలోంచి పుట్టిందే. ఎవరెంత పన్ను కట్టాలో తేల్చే పని కూడా క్రమంగా ఆ పక్క కుర్చీకే వచ్చింది. 15వ శతాబ్దంలో ఇంగ్లీషులో చేరేనాటికి అసెస్ అంటే పన్ను ఖరారు చేయడం. మనిషి ప్రతిభను, పరిస్థితిని బేరీజు వేయడమనే అర్థం బాగా వాడుకలోకి వచ్చింది 20వ శతాబ్దంలోనే. పక్కన కూర్చోవడమనే మొదటి అర్థం మాత్రం మన కోర్టుల్లో 1955 దాకా బతికింది. సెషన్స్ జడ్జి పక్కన స్థానికులు అసెసర్లుగా కూర్చుని అభిప్రాయం చెప్పేవారు. దానికి జడ్జి కట్టుబడాలని నియమం లేదు.

మాచర్ల, గురజాల ఉన్న పల్నాడుకు అసెస్‌మెంట్ శిస్తు రూపంలో వచ్చింది. ఈ సీమ 1801లో ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోకి వెళ్లింది. తర్వాత మద్రాసు ప్రభుత్వపు రైత్వారీ సెటిల్‌మెంటులో పొలం పొలానికీ సర్వే నంబరు పడింది. నేల నల్లరేగడా, ఎర్రనేలా, అందులో బంకమన్ను ఎంత, ఇసుక ఎంత అని చూసి తరం కట్టారు. పంట విలువలోంచి సాగు ఖర్చులు తీసేసి, నికరాదాయంలో సగాన్ని శిస్తుకు గరిష్ఠ పరిమితిగా పెట్టుకున్నారు. ఒకసారి ఖరారైన రేటు 30 ఏళ్లు నడిచేది. ఆ రిజిస్టరులో ఒక్క వరుస చదివితే సర్వే నంబరు, మెట్టా మాగాణా, తరం, ఎకరాలు, సెంట్లు, శిస్తు అన్నీ తెలుస్తాయి. ఆ ఏడు వాన పడిందా లేదా చెప్పే గడి మాత్రం అందులో ఉండదు.

భూమి తర్వాత మదింపు పశువుల మీదికి వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవులు రిజర్వు అయ్యాయి. తాతల నాటి నుంచి మేపుకొంటున్న అడవిలోకి పశువును తోలాలంటే తలకింత చొప్పున పుల్లరి కట్టాలన్నారు. వానలు సరిగా పడని మెట్ట ప్రాంతంలో పశువే రైతుకు ఆధారం. 1921లో పల్నాడు రైతులు పుల్లరి కట్టబోమని నిలబడ్డారు. ఉన్నవ లక్ష్మీనారాయణ వంటి నాయకులు జైలుకు వెళ్లారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసు కాల్పులకు ఉద్యమ నాయకుడు కన్నెగంటి హనుమంతు బలయ్యాడు. పన్ను ఎంతన్నదే కాదు, దాన్ని ఖరారు చేసే హక్కు ఎవరిదన్నది కూడా ఆ పోరాటం అడిగిన ప్రశ్న.

ఆ ప్రశ్న ఇప్పటికీ సజీవంగానే ఉంది. గురజాల వైపు మిర్చి తోట వానకు తడిస్తే, ఎంత కాయ నిలిచింది, ఎంత తాలుగా మారింది అన్నది చేలోకి దిగి చూసినవాడికే తెలుస్తుంది. నష్టం జాబితాను ఊళ్లో ప్రదర్శించి అభ్యంతరాలు అడగడం మంచి పద్ధతి. అంతకంటే ముందు, లెక్క రాసే అధికారి రైతును వెంటబెట్టుకుని చేను చూడాలి. రైతు చెప్పింది విని, ఆ గట్టు మీదే లెక్క రాయాలి. మదింపుకు విలువ వచ్చేది అప్పుడే.