రంగమహల్ లేని రెసిడెన్సీ

హైదరాబాదులో కోఠీ అంటే చాలామందికి పాత పుస్తకాల దుకాణాలు, సుల్తాన్ బజార్లో బట్టల బేరాలు, ఎప్పుడూ రద్దీగా ఉండే బస్ స్టాపులు. ఆ పేరు ఒక భవంతి నుంచి వచ్చిందనీ, ఆ భవంతి ఆడపిల్లల కాలేజీ ప్రహరీ వెనకే ఉందనీ చప్పున గుర్తు రాదు. కోఠీ అంటే పెద్ద ఇల్లు. ఆ ఇంట్లో ఉండేవాడు నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంటు. చుట్టూ ఉన్న అంగళ్లను రెసిడెన్సీ బజార్ అనేవారు. 1933లో అవి తిరిగి నిజాం పాలన కిందికి వచ్చాక సుల్తాన్ బజార్ అయ్యాయి.

కట్టడం 1803లో మొదలైంది. నక్షా గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. ఖర్చు నిజాం ఖజానాది. ముందువైపు ఆరు భారీ కోరింథియన్ స్తంభాలు, వెడల్పాటి మెట్లు, అటూ ఇటూ రెండు రాతి సింహాలు. లోపల ఎత్తైన దర్బారు హాలు. చూసేవాడికి తను చిన్నవాడినని అనిపించాలి, అందుకోసం కట్టిన ఇల్లు ఇది. డబ్బు ఇచ్చినవాడు ఒకరు, అధికారం చూపించుకున్నవాడు ఇంకొకరు. ఆనాటి హైదరాబాదు రాజకీయం మొత్తం ఆ మెట్ల మీద కనిపిస్తుంది.

ఈమధ్య ఈ భవనానికి కొత్త జీవితం వచ్చింది. అంతర్జాతీయ సంస్థ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో 2002లో దీన్ని చేర్చింది. చాలా ఏళ్ల మరమ్మతుల తర్వాత గోడలు తేరుకున్నాయి. ఇప్పుడు వారాంతపు హెరిటేజ్ వాక్‌లకు ఫోన్లోనే పేరు నమోదు చేసుకుని డబ్బు కట్టేస్తున్నాం. స్తంభాల ముందు నిలబడి తీసుకున్న రీల్స్, పెళ్లికి ముందు ఫోటోలు, పత్రికల ఆదివారం పేజీల్లో వ్యాసాలు, వీటన్నిటికీ కలిపి ఒకే కథ సరుకు. తెల్ల దొర, నవాబుల ఇంటి అందగత్తె, మతాలను దాటిన ప్రేమ. అదే 2002లో వచ్చిన విలియం డాల్రింపుల్ పుస్తకం ‘వైట్ మొఘల్స్’ ఈ కథను ప్రపంచానికి పరిచయం చేసింది. పుస్తకంలో ఉన్న చిక్కుముళ్లన్నీ ప్రచారంలో జారిపోయి ప్రేమ ఒక్కటే మిగిలింది. నేను వెళ్లిన వాక్‌లో కూడా అందరూ అడిగిన ప్రశ్న ఒకటే, ‘ఆమె ఎంత అందంగా ఉండేది?’

నేను చదువుకున్నది సాహిత్యం. కథను ఎవరు చెబుతున్నారు, ఏది వదిలేస్తున్నారు అని చూడటం నాకు అలవాటైన పని. అందుకే రెండు తేదీల దగ్గర ఆగిపోయాను.

జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ పుట్టింది 1764లో. ఖైరున్నీసా దాదాపు 1786లో. ఇద్దరికీ పరిచయమైనప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండాయో లేదో. ఆమెకు ఇష్టంలేని సంబంధం కుదిర్చారనీ, తల్లి షరఫున్నీసా, అమ్మమ్మ కిర్క్‌పాట్రిక్ వైపు మొగ్గారనీ, అతను ఇస్లాం స్వీకరించి నిఖా చేసుకున్నాడనీ ఆనాటి కాగితాలు చెబుతున్నాయి. జనానాలోని ఆడవాళ్లు తమకున్న కాస్త జాగాలోనే నిర్ణయాలు తీసుకున్నారన్న మాట. వాళ్లను వట్టి బాధితులుగా చూడటం నాకిష్టం లేదు. అలాగని ఆ వయసు తేడానీ, ఒకవైపు ఉన్న సైన్యాన్నీ మరిచిపోయి ‘అమర ప్రేమ’ అనడానికి కూడా నోరు రాదు.

రెండో తేదీ 1800 అక్టోబర్ 12. ఆ రోజు నిజాంకూ కంపెనీకీ కుదిరిన ఒప్పందంలో కంపెనీ తరఫు మనిషి ఇదే కిర్క్‌పాట్రిక్. సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలూ కర్నూలులో కొంత భాగమూ కంపెనీ చేతికి పోయాయి. దత్తమండలాలని పేరుపడి, 1928లో నంద్యాల సభలో రాయలసీమగా పేరు మార్చుకున్న నేల అదే. వాళ్ల కొడుకు పుట్టింది 1801 మార్చిలో. అంటే సీమను రాసిచ్చిన నాటికి ఖైరున్నీసా గర్భవతి. ప్రేమకథ చెప్పేవాళ్లు ఒప్పందం ఊసెత్తరు, ఒప్పందం గురించి రాసిన చరిత్రకారులు ఆమె పేరెత్తరు. ఒకే ఇంట్లో, ఒకే ఏడాది జరిగిన రెండు విషయాలు రెండు వేరు వేరు అలమరల్లోకి ఎలా వెళ్లిపోయాయి? ఇంటి సంగతి వేరు, రాజ్యం సంగతి వేరు అనే పాత విభజనే ఇక్కడా పనిచేసింది.

రెసిడెన్సీ వెనక ఆమె కోసం రంగమహల్ అనే జనానా కట్టారు. ఆ తోటలో అసలు భవనానికి చిన్న నమూనా ఉండేది. పరదా వల్ల ఆమె ముందువైపుకి రాలేదు కాబట్టి, ఆమె చూడటానికి దొర కట్టించాడని కథ. విన్నవాళ్లంతా ముచ్చటపడతారు. ఇంటి ముఖం ఎలా ఉంటుందో ఆ ఇంటి ఇల్లాలికి బొమ్మలో చూపించాల్సి వచ్చిందన్నది మాత్రం ఎవరికీ తట్టదు. 1860 ప్రాంతంలో ఒక రెసిడెంటు రంగమహల్‌ను కూలగొట్టించాడు. అప్పటికి 1857 గడిచింది, తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ ఈ గోడల మీదికి దండెత్తారు. పాలకులకు తమ ఇంటి వెనక దేశీ స్త్రీ ఆనవాలు ఉండటం ఇబ్బందయింది. స్తంభాలు మిగిలాయి, జనానా పోయింది.

1805లో నాలుగేళ్ల కొడుకునీ మూడేళ్ల కూతురినీ ఇంగ్లండు పంపేశారు. సాహిబ్ ఆలం విలియం జార్జ్ అయ్యాడు, సాహిబ్ బేగం కేథరిన్ అరోరా అయింది. అదే ఏడాది అక్టోబర్లో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. ఇరవై ఏళ్లైనా లేని ఖైరున్నీసాకు ఆ తర్వాత కొంతకాలం హైదరాబాదులో అడుగుపెట్టే వీలు లేకపోయింది. కిర్క్‌పాట్రిక్ కింద పనిచేసిన హెన్రీ రస్సెల్‌కు దగ్గరైంది. అతను మద్రాసులో ఇంకొకరిని పెళ్లి చేసుకున్నాడు. ఆమె మచిలీపట్నంలో ఎదురుచూస్తూ ఉండిపోయింది. చివరకు హైదరాబాదు చేరి 1813లో కన్నుమూసింది. పిల్లలను మళ్లీ చూడలేదు. కూతురు 1841లో అమ్మమ్మ షరఫున్నీసాతో ఉత్తరాలు కలుపుకుంది గానీ తల్లి అప్పటికే పోయి ఇరవై ఎనిమిదేళ్లు. ఏ హెరిటేజ్ వాక్‌లోనూ మచిలీపట్నం ఊసు రాదు. అక్కడ అందమైన స్తంభాలు లేవు మరి.

ఆమె గురించి మనకు తెలిసినదంతా దాదాపు మగవాళ్ల ఉత్తరాల్లోంచి వచ్చిందే. ఆ ఉత్తరాలు లండన్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో భద్రంగా ఉన్నాయి. ఆమె మాట వాళ్ల మాటల మధ్యలోంచి ఏరుకోవాల్సిందే.

ఈ భవనానికి ఇంకో చరిత్ర ఉంది, అది నాకు ఎక్కువ ఇష్టం. 1924లో మొదలైన మహిళా కళాశాల 1949లో ఇక్కడికి వచ్చింది. ఒక స్త్రీ ముందువైపు నుంచి చూడలేకపోయిన మెట్ల మీద తరాల తరబడి ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారు. పరదా ఉన్న ఇళ్ల నుంచీ, పరదా అనే మాటే తెలియని పల్లెల నుంచీ వచ్చినవాళ్లు. వాళ్ల జ్ఞాపకాలను ఎవరూ టికెట్ పెట్టి చెప్పడం లేదు.

2022లో కళాశాల విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు ప్రకటించారు. పాలకుర్తిలో కౌలు భూమిలో పండించిన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన బట్టలుతికే కులపు స్త్రీ పేరు రెసిడెంటు కోటకు రావడం చిన్న విషయం కాదు. పేర్లు పెట్టడం వెనక ఓట్ల లెక్కలూ ఉంటాయి, నిజమే. కానీ ఐలమ్మకు ఖైరున్నీసాకు లేనిది ఒకటుంది. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆమె తన కథను తన నోటితోనే చెప్పింది. ఆడవాళ్లు ఆమె దగ్గరికి వెళ్లి, కూర్చుని, విని రాసుకున్నారు కాబట్టి అది దొరికింది.

పేరు మారింది కాబట్టి ఇక చేయాల్సిన పని ఉంది. సింహాల పక్కన పెట్టే పలకల మీద రంగమహల్ ఎక్కడుండేదో రాయాలి. 1800 ఒప్పందం గురించి రాయాలి. ఇక్కడ చదివిన ఆడవాళ్లు ఉండగానే వాళ్ల మాటలు రికార్డు చేయాలి. ఆ పని ఇక్కడి విద్యార్థినులే మొదలుపెడితే, పర్యాటకులకు కథ చెప్పే హక్కు కూడా వాళ్లదే అవుతుంది.