బకాయికి పోయిన భూములు

ఉత్తర సర్కారుల చరిత్రను వ్రాయబూనువారు కోటలను, కయ్యములను, దానధర్మములను విస్తరించి వర్ణించి, కలెక్టరు కచేరీ ముంగిట భూములు వేలమున కెక్కిన దినములను ఒక్క వాక్యముతో దాటిపోవుట వాడుక. ఈ సీమలో భూమి చేతులు మారిన తీరు ఆ పాటల వద్దనే బోధపడునని నా నమ్మకము.

1802వ సంవత్సరపు 25వ రెగ్యులేషనుచే చెన్నపురి రాజధానిలో శాశ్వత పరిష్కారము అమలునకు వచ్చినప్పుడు, ప్రాచీన జమీందారులకు పేష్కషు, అనగా సర్కారునకు ఏటేట కట్టవలసిన పైకము, నిర్ణయింపబడుటయే గాక, అంతవరకు సర్కారు చేతిక్రింద నుండిన హవేలీ భూములు ముఠాలుగా విభజింపబడి, ఎవరు హెచ్చు పాడిన వారికి అమ్మబడినవి. వాన కురిసినను కురియకున్నను కిస్తు గడువు తప్పరాదు. తప్పినచో జప్తు, ఆపైని వేలము. ఉత్సాహముతో పాట పెంచి కొన్న ముఠాదారులు పలువురు, పెట్టిన సొమ్మును రైతులనుండి రాబట్టజూచి, అదియు సాగక, కొలది యేండ్లలోనే తామును బకాయిదారులై, కొన్న భూమిని కొన్నవిధముననే పోగొట్టుకొనిరి. వెనుకటి యజమానిని కూల్చిన పేష్కషే క్రొత్త యజమానికిని సంక్రమించెననుట వారు గ్రహింపలేదు.

పెద్ద సంస్థానములకును ఈ గతి తప్పలేదు. అమరావతిని నిర్మించిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1816లో గతించిన పిమ్మట, దత్తపుత్రుల నడుమ వారసత్వ వివాదము చెలరేగి న్యాయస్థానముల వెంట నడువగా, 1832-33లో నందన కరువు గుంటూరు సీమను శ్మశానప్రాయము గావించెను. దున్నువారు లేని పొలమునకు పేష్కషు మాత్రము తగ్గలేదు. బకాయిలు కొండలై పెరిగి, 1846లో ఆ జమీ వేలమునకు రాగా, సర్కారువారే నామమాత్రమైన వెలకు కొనిరి. గుంటూరు వ్యవహారములను విచారించి ఆ యేటనే నివేదిక నిచ్చిన వాల్టరు ఇలియటు, అంతకు ముందటి సంవత్సరమున అమరావతి స్తూపశిల్పములను త్రవ్వించి చెన్నపురికి పంపినవాడే. శిల్పముల తరలింపును మనవారు నేటికిని తలచుకొని బాధపడుదురు. అదే నేలపై అన్నివిధముల చితికిపోయిన రైతుకుటుంబములను తలచువారు అరుదు.

1864వ సంవత్సరపు రెండవ ఆక్టు ఈ వేలములకు స్థిరమైన క్రమము నేర్పరచెను. ముందుగా ప్రకటన, పాట ముగియగనే వెలలో నూటికి 15 వంతులు ధరావతు, మిగిలినది 30 దినములలోపల. చెల్లింపనివాని ధరావతు మునుగును, భూమి మరల పాటకు వచ్చును. తన శిస్తు బకాయికై అమ్మబడిన భూమి సమస్త భారములనుండి విముక్తమై కొనువానికి దక్కుననుట ఈ ఆక్టునకు ప్రాణము. తాకట్టుపై అప్పిచ్చి నిశ్చింతగా నున్న షావుకారు, కొద్దిపాటి శిస్తు బకాయికి తన హామీ యంతయు కరగిపోవుట చూడవలసివచ్చెడిది. కనుకనే కొందరు షావుకారులు ఋణగ్రస్తుని శిస్తును తామే చెల్లించి పద్దులో వ్రాసికొనుచుండిరి.

ఈ ఆక్టునకు తరువాత చేరిన 37-ఎ విభాగము నాకు మిక్కిలి యోగ్యముగా తోచినది. దాని ననుసరించి, భూమి కోల్పోయినవాడు అమ్మకము జరిగిన 30 దినములలోగా బకాయిని చెల్లించి, పాటదారునికి వెలలో నూటికి 5 వంతులు అదనముగా కట్టినచో, ఆ విక్రయమును రద్దు చేయించుకొనవచ్చును.