సోమేనహళ్ళి సీమలో విద్యుద్దీపము

కర్ణాటక రాష్ట్రమున చిక్కబళ్ళాపురము జిల్లాలో, అనంతపురము సీమకు దక్షిణముగా సోమేనహళ్ళి కలదు. ఈ ప్రాంతమున ఇండ్లలో తెలుగు, కచేరీలలో కన్నడము వినవచ్చును. 2007 వరకు ఇది కోలారు జిల్లాలోనిది. విద్యుత్తు చరిత్రలో ఆ జిల్లాది తొలి పుట. 1902లో శివసముద్రమున కావేరి జలపాతముచే పుట్టిన విద్యుత్తు సుమారు 92 మైళ్ళు సాగి కోలారు బంగారు గనులకు చేరెను. 1905లో బెంగుళూరు వీధులు వెలిగెను. పల్లెలకు మాత్రము ఆముదపు ప్రమిద, కిరసనాయిలు బుడ్డియే చాలకాలము దిక్కయ్యెను.

తరువాత పల్లెకు వచ్చినది టంగ్‌స్టన్ తీగె బల్బు. అది గ్రహించు శక్తిలో నూటికి 5 పాళ్ళు మాత్రమే వెలుగగును. తక్కినది వేడియై పోవును. దాని ఆయువు సుమారు 1000 గంటలు. దినమునకు 5 గంటలు వెలిగించినచో 200 దినములు వచ్చును. నిరుపేదలకై ప్రభుత్వము నెలకొల్పిన భాగ్యజ్యోతి పథకమున ఇంటికి లభించినది ఇట్టి 40 వాట్ల బల్బు ఒక్కటియే.

పొదుపు దీపములలో మొదట వచ్చినది సి.ఎఫ్.ఎల్. దీనిని 15 రూపాయలకే అందించుటకు 2009లో కేంద్రము బచత్ ల్యాంప్ యోజనను ఆరంభించెను. ఇందు కొద్దిపాటి పాదరసము ఉండుటచే పగిలిన దీపమును జాగ్రత్తగా తీసివేయవలెను. అనంతరము ఎల్.ఇ.డి. వచ్చెను. దీనికి మూలమైన నీలికాంతి సాధనమును కనిపెట్టిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమానము లభించెను.

ఈ మూడింటిని సరిపోల్చి చూడవచ్చును. దినమునకు 5 గంటల చొప్పున 30 దినములు వెలిగినచో 60 వాట్ల పాత బల్బు 9 యూనిట్లు తినును. దాదాపు అంతే వెలుగునిచ్చు 14 వాట్ల సి.ఎఫ్.ఎల్.కు 2.1 యూనిట్లు, 9 వాట్ల ఎల్.ఇ.డి.కి 1.35 యూనిట్లు చాలును.

అయినను పాత బల్బు చిరకాలము నిలుచుటకు కారణము దాని వెల. కూలివానికి కొనునాటి పది రూపాయలు కంటికి కనబడును గాని, నెలనెలా వేడియై పోవు యూనిట్లు కనబడవు. 2014 ఆరంభమున 310 రూపాయలున్న ఎల్.ఇ.డి. టోకు ధర మూడేండ్లలోపల 40 రూపాయలకు దిగువకు వచ్చెను. సరిహద్దునకు ఆవల అనంతపురము జిల్లాలో పాత బల్బులిచ్చినవారికి ఎల్.ఇ.డి. ఒక్కొక్కటి 10 రూపాయలకు లభించెను. ఈవల 2015 డిసెంబరులో ఆరంభమైన హొస బెళకు పథకమున వెల 100 రూపాయలు. ఇరువైపుల భాష తెలుగే. వెలుగు వెల వేరయ్యెను.

దీపమును ఎన్నుకొనునపుడు దాని వెలను గాక, వెలుగునకగు మొత్తము ఖర్చును గణించుట న్యాయము. నాడు పేదయింట ఒక్క బల్బుకు పట్టిన 40 వాట్లతో నేడు నాలుగు గదులు, ఒక్కొక్కటి మునుపటి కంటె ప్రకాశముగా, వెలుగగలవు.